బాయిలర్ పగుళ్ల నుంచి గర్భసంచి దాకా

“బేబీ కనిపిస్తోంది గానీ హార్ట్‌బీట్ ఇంకా రాలేదమ్మా, వారం తర్వాత మళ్లీ స్కానింగ్‌కి రండి.” ఆరో వారంలో ఈ మాట విన్న అమ్మాయికి ఆ ఏడు రోజులూ నిద్ర పట్టదు. డాక్టరుకు తెలియక అలా అన్నారేమోనని ఇంట్లోవాళ్లకు అనుమానం. ఆ మాట అనడానికి కారణం ఏమిటో స్కానింగ్ యంత్రం కథలోనే ఉంది.

ఉక్కులో కంటికి కనబడని పగుళ్లను పట్టుకోవడానికి ఫ్యాక్టరీల్లో అల్ట్రాసౌండ్ వాడేవారు. చెవికి వినబడని ధ్వనిని లోపలికి పంపితే, పదార్థం మారిన చోటల్లా కొంత వెనక్కి తిరిగొస్తుంది. ఎంతసేపటికి వచ్చిందో చూస్తే ఎంత లోతులో ఏముందో తెలుస్తుంది. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వైమానిక దళంలో పనిచేసిన ఇయాన్ డొనాల్డ్‌కు రాడార్ సంగతులు బాగా తెలుసు. 1954లో ఆయన గ్లాస్గోలో ప్రసూతి వైద్య ఆచార్యుడయ్యారు. మరుసటి ఏడాది జులైలో రెండు కార్ల డిక్కీలు నింపుకుని, రెన్‌ఫ్రూలో బాయిలర్లు తయారుచేసే బాబ్‌కాక్ అండ్ విల్‌కాక్స్ ఫ్యాక్టరీకి వెళ్లారు. వాటిలో ఆపరేషన్లలో తీసిన ఫైబ్రాయిడ్లు, అండాశయపు తిత్తులు. పోల్చి చూడడానికి పెద్ద గొడ్డుమాంసం ముక్క కూడా వాడారు. నీరున్న తిత్తికీ గట్టి కణితికీ ప్రతిధ్వనులు వేరువేరుగా వచ్చాయి.

ఈ సంగతి విన్న టామ్ బ్రౌన్ అనే యువ ఇంజినీరు తనే డొనాల్డ్‌ను వెతుక్కుంటూ వచ్చాడు. పొట్ట మీద జరుపుతూ లోపలి బొమ్మ గీసే స్కానర్ బ్రౌన్ చేతిలో తయారైంది. డాక్టర్ జాన్ మెక్‌వికర్ వాళ్లకు తోడయ్యారు. పొట్ట బాగా ఉబ్బిన ఒకామెకు జీర్ణాశయ క్యాన్సర్ అనీ, ఆపరేషన్‌తో కూడా లాభం లేదనీ తేల్చేశారు. యంత్రం మాత్రం పెద్ద తిత్తిని చూపించింది. దాన్ని తీసేశారు, ఆమె బతికింది. 1958 జూన్‌లో ముగ్గురి పేర్లతో లాన్సెట్ పత్రికలో వ్యాసం వచ్చింది.

నిండిన మూత్రాశయం మీదుగా చూస్తే తొలి వారాల గర్భం కూడా కనబడుతుందని తర్వాత డొనాల్డే గమనించారు. పొట్ట మీది స్కాన్‌కు “నీళ్లు తాగి రండి” అని ఇప్పటికీ అనేది అందుకే. 1970ల మొదట్లో గ్లాస్గోలోనే హ్యూ రాబిన్సన్ పిండం గుండె చప్పుడునూ, తల నుంచి పిరుదుల దాకా పొడవునూ పట్టుకునే పద్ధతులు ఇచ్చారు. యోని ద్వారా చేసే స్కాన్ ఇంకా దగ్గరగా చూపించింది.

ఇంత దగ్గరగా చూడగలిగాకే అసలు చిక్కు మొదలైంది. ఈ దశలో పిండం రోజుకు దాదాపు ఒక మిల్లీమీటరు పెరుగుతుంది. ఇద్దరు డాక్టర్లు కొలిస్తే అంత తేడా మామూలే. అండం ఆలస్యంగా విడుదలైతే వారాల లెక్కే తప్పుతుంది. అప్పటిదాకా వాడిన కొలతల హద్దులను నమ్ముకుంటే బతికున్న గర్భాన్ని కూడా పోయిందనుకునే ప్రమాదం ఉందని 2011లో వచ్చిన పరిశోధనలు హెచ్చరించాయి. దాంతో హద్దులు పెంచారు. పిండం 7 మిల్లీమీటర్లు లేదా అంతకు మించి ఉన్నా గుండె కొట్టుకోకపోతేనో, గర్భసంచిలో పిండం పెరిగే తిత్తి సగటున 25 మిల్లీమీటర్లు లేదా అంతకు మించి ఉన్నా లోపల పిండం లేకపోతేనో గర్భస్రావమని అనుకోవాలి. అప్పుడు కూడా రెండో డాక్టరు చూడడం మంచిది. అంతకంటే చిన్నగా ఉంటే కనీసం వారం ఆగి మళ్లీ చూడాల్సిందే. ఒక్క స్కాన్‌తో తొందరపడి తేల్చేసే డాక్టరు కన్నా, ఆగుదామనే డాక్టరే నా దృష్టిలో జాగ్రత్త తెలిసినవారు.

గర్భ పరీక్ష పాజిటివ్ వచ్చి, స్కాన్‌లో గర్భం ఎక్కడా కనబడకపోతే 48 గంటల తేడాతో రెండుసార్లు రక్తంలో హెచ్‌సీజీ అనే గర్భ హార్మోన్ చూస్తారు. ఒక్కసారి వచ్చిన అంకె చూసి ఏమీ తేల్చలేం. అది పెరుగుతోందా, తగ్గుతోందా అన్నది ముఖ్యం. అంకె తక్కువున్నంత మాత్రాన, గర్భసంచిలో కాక ట్యూబులో నిలిచిన ప్రమాదకరమైన గర్భం లేదని ధీమా పడకూడదు.

అందుకే, వారం ఆగమన్నారు కదా అని అన్నిటికీ ఆగకండి. పొత్తికడుపులో ఒక పక్కన తీవ్రమైన నొప్పి, భుజం కొసన నొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం, ఎక్కువగా రక్తస్రావం, వీటిలో ఏది కనిపించినా అర్ధరాత్రయినా సరే, పాత రిపోర్టులు తీసుకుని వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.