ప్రోగ్రాము బయలుదేరే ముందు...

శంషాబాద్ చుట్టుపక్కల ఊళ్లలో ఉండే పిల్లలకు విమానం వింత వస్తువు కాదు. పాఠం మధ్యలో విమానం తల మీదుగా పోయినా మా తరగతిలో ఎవరూ కిటికీ వైపు కూడా చూడరు. అయితే ఒక సంగతి మీరు ఎప్పుడైనా గమనించారా? ఇక్కడ కొన్ని రోజులు విమానాలు తూర్పు వైపుకు లేస్తాయి. వానాకాలంలో పడమటి గాలి జోరుగా వీచే రోజుల్లో పడమటి వైపుకు లేస్తాయి. రన్‌వే అదే, విమానమూ అదే. మరి దిక్కు ఎందుకు మారినట్లు?

విమానం గాలికి ఎదురుగా పరుగెత్తితే దాని రెక్కల మీదుగా గాలి ఎక్కువ వేగంతో పోతుంది. అందువల్ల తక్కువ దూరం పరుగెత్తి పైకి లేవగలుగుతుంది. అందుకే ఏ రోజు గాలిని బట్టి ఆ రోజు దిక్కు నిర్ణయిస్తారు. రన్‌వే కొసల మీద 09, 27 అని అంకెలు రాసి ఉంటాయి. వాటిని పదితో హెచ్చిస్తే 90, 270 డిగ్రీలు వస్తాయి. అంటే తూర్పు, పడమర అన్నమాట.

నిర్ణయించవలసింది దిక్కు ఒక్కటే కాదు. 2008 మార్చి 23న ప్రయాణికుల విమానాల రాకపోకలు బేగంపేట నుంచి శంషాబాద్‌కు మారాయి. ఈ విమానాశ్రయం సముద్రమట్టానికి సుమారు 617 మీటర్ల ఎత్తున ఉంది. ఆ ఎత్తులో గాలి సాంద్రత సముద్రతీరంలో కంటే సుమారు 6 శాతం తక్కువ. మే నెల ఎండకు గాలి ఇంకా పలచబడుతుంది. కనుక అంతే బరువుతో లేవడానికి విశాఖపట్నంలో కంటే ఇక్కడ విమానం ఎక్కువ దూరం పరుగెత్తాలి. ఇక్కడి పెద్ద రన్‌వే పొడవు 4,260 మీటర్లు. ఇవాళ విమానం బరువెంత, ఎండ ఎంత, గాలి ఎటు అన్నది లెక్క చూసుకుని, రెక్కల ఫ్లాపులను ఎంత దించాలో, ఇంజనుకు ఎంత బలం ఇవ్వాలో పైలట్లు ప్రతిసారీ బయలుదేరే ముందే నిర్ణయిస్తారు.

విమానాన్ని తయారు చేసిన ఫ్యాక్టరీ వాళ్లే ఈ పని ఎందుకు చేయలేదు? చేయలేరు కనుక! శంషాబాద్‌లో ఫలానా మధ్యాహ్నం ఎండ ఎంత కాస్తుందో వాళ్లకేం తెలుసు? అందుకని ఆ నిర్ణయాలను నడిపేవాడికి వదిలేశారు.

కంప్యూటరు ప్రోగ్రాములలో కూడా సరిగ్గా ఇలాంటి ఏర్పాటే ఉంది. దాన్ని తెలియక నేను ఒక సాయంత్రమంతా తిప్పలు పడ్డాను. ఆ కథ చెబుతాను, వినండి.

28వ ఫోటో దగ్గర ఆగింది

మా బడిలో పదో తరగతి పిల్లలకు గుర్తింపు కార్డులు చేయవలసి వచ్చింది. మా పూర్వ విద్యార్థి ఒకడు జావా భాషలో చిన్న ప్రోగ్రాము రాసి ఇచ్చాడు. ఫోన్‌తో తీసిన ఫోటోలను అది చదువుకుని కార్డులను వరుసగా తయారు చేయాలి. 'ఎ' సెక్షనులో 42 మంది పిల్లలు. నడిపించాం. 28వ ఫోటో దగ్గర ఆగిపోయి, జ్ఞాపకంలో చోటు చాలలేదని తెర మీద రాసింది.

నాకు ఆశ్చర్యం వేసింది. ఒక్కో ఫోటో 4 మెగాబైట్లే. అన్నీ కలిపినా 168 మెగాబైట్లు. మా కంప్యూటరు జ్ఞాపకం 4 గిగాబైట్లు. చోటు ఎందుకు చాలదు?

లెక్క మీరే చేసి చూడండి. ఆ ఫోటోలో అడ్డంగా 4,000, నిలువుగా 3,000 చుక్కలు ఉంటాయి. మొత్తం కోటీ 20 లక్షల చుక్కలు. ఒక్కో చుక్కకు ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని 3 బైట్లు కావాలి. అంటే 3 కోట్ల 60 లక్షల బైట్లు! డిస్కు మీద ఫోటో కుదించి దాచి ఉంటుంది, మడతపెట్టిన దుప్పటిలాగా. ప్రోగ్రాము తెరిచేసరికి మడత విప్పినట్లవుతుంది.

ఇక రెండో సంగతి. జావా ప్రోగ్రాము ఒంటరిగా నడవదు. దాన్ని నడిపించే వ్యవస్థ ఒకటి వెనుక ఉంటుంది. దానిని రన్‌టైమ్ వ్యవస్థ అంటారు. ప్రోగ్రాముకు జ్ఞాపకంలో చోటు ఇచ్చేది, పని అయిపోయిన చోటును తిరిగి తీసుకునేది ఇదే. అది ఇచ్చే చోటుకు హీప్ అని పేరు. హీప్ అంటే కుప్ప అనే అర్థం. మనం ఏమీ చెప్పకపోతే జావా సాధారణంగా కంప్యూటరు జ్ఞాపకంలో నాలుగో వంతునే ఈ కుప్పకు గరిష్ఠ హద్దుగా పెట్టుకుంటుంది. మా కంప్యూటరులో నాలుగో వంతంటే 1 గిగాబైటు, అంటే సుమారు 107 కోట్ల బైట్లు. దానిని 3 కోట్ల 60 లక్షలతో భాగిస్తే 29 చిల్లర వస్తుంది. ప్రోగ్రాము మిగతా అవసరాలు కూడా తీసేస్తే, 28 దగ్గర ఎందుకు ఆగిందో తేలిపోయింది కదా!

ఒకే వాక్యం, వినేవారు ఇద్దరు

ఆ పిల్లవాడికి ఫోన్ చేశాను. "సార్, హద్దు 2 గిగాబైట్లకు పెంచండి. మైనస్ ఎక్స్‌ఎంఎక్స్2జి అని కలపండి, చాలు" అన్నాడు. ఇలా ప్రోగ్రామును మొదలుపెట్టే ఆజ్ఞలోనే కలిపి చెప్పే మాటలను కమాండ్ లైన్ ఆప్షన్లు అంటారు.

నేను ఇలా కొట్టాను:

జావా కార్డులు -ఎక్స్‌ఎంఎక్స్2జి 10ఎ

(ఇక్కడ తెలుగులో రాశాను గాని, కీబోర్డు మీద ఇంగ్లీషు అక్షరాలతోనే కొట్టాలి.) 'ఆ పేరు గల సెక్షను లేదు' అని తెర మీద వచ్చింది! నేను చెప్పిన మాట రన్‌టైమ్ వ్యవస్థకు చేరలేదు. ప్రోగ్రాము దాన్నే సెక్షను పేరు అనుకుంది.

విమానంలో పైలట్ మాట్లాడితే వినేవారు రెండు రకాలు. ఒకరు కంట్రోల్ టవరు వారు, మరొకరు ప్రయాణికులు. ఏ మాట ఎవరికో చూసుకుని మాట్లాడాలి. ఇక్కడా అంతే. జావాలో ప్రోగ్రాము పేరుకు ముందు రాసినది రన్‌టైమ్ వ్యవస్థకు చేరుతుంది. పేరుకు తరువాత రాసినది ప్రోగ్రాముకు చేరుతుంది. మీరు బడిలో నేర్చుకునే పైథాన్‌లో కూడా ఇదే పద్ధతి. హాస్కెల్ అనే భాషలో వేరే ఏర్పాటు ఉంది. రన్‌టైమ్ వ్యవస్థకు చెప్పదలచిన మాటలను ప్లస్ ఆర్‌టీఎస్, మైనస్ ఆర్‌టీఎస్ అనే రెండు గుర్తుల మధ్య పెడతారు.

సరిదిద్ది మళ్లీ కొట్టాను:

జావా -ఎక్స్‌ఎంఎక్స్2జి కార్డులు 10ఎ

42 కార్డులూ వచ్చేశాయి. 42 ఫోటోలకు కావలసింది సుమారు 151 కోట్ల బైట్లు, హద్దు 214 కోట్లు. ప్రోగ్రాములో ఒక్క అక్షరం మార్చలేదు!

పెంచుకుంటూ పోతే?

ఉత్సాహం వచ్చింది. మూడు సెక్షన్లు కలిపి 126 మందికీ ఒకేసారి చేద్దామని హద్దును 8 గిగాబైట్లుగా చెప్పాను. కంప్యూటరు ఒప్పుకుంది. కాని కాసేపటికి మౌస్ కూడా కదలడం మానేసింది. డిస్కు మాత్రం గిరగిర తిరుగుతూనే ఉంది. అరగంట చూసి ఆపేశాను.

ఏం జరిగింది? 126 ఫోటోలకు సుమారు 454 కోట్ల బైట్లు కావాలి. కంప్యూటరులో ఉన్నదే 429 కోట్లు. 'ఎనిమిది వరకు వాడుకో' అని నేను చెప్పాను గాని, ఆ చోటు ఎక్కడ నుంచి వస్తుంది? లేని చోటు కోసం కంప్యూటరు కొంత సమాచారాన్ని డిస్కు మీదకు పంపి, అవసరమైనప్పుడల్లా తిరిగి తెచ్చుకోసాగింది. డిస్కు జ్ఞాపకం కంటే ఎంతో నెమ్మది. ఆప్షను అనేది ఉన్నదాన్ని ఎలా వాడాలో చెప్పే మాట. లేనిదాన్ని పుట్టించే మంత్రం కాదు.

మరునాడు ఆ పిల్లవాడు వచ్చి ప్రోగ్రామును విప్పి చూశాడు. "తప్పు నాదే సార్. కార్డు అయిపోయాక కూడా ప్రతి పెద్ద ఫోటోనూ జాబితాలో పట్టుకునే ఉన్నాను" అన్నాడు. కార్డు మీద అచ్చయ్యే బొమ్మ 400 నిలువు, 300 అడ్డం చుక్కలే. దానికి 3 లక్షల 60 వేల బైట్లు చాలు. పెద్ద ఫోటోలో సరిగ్గా నూరో వంతు! పెద్దదాన్ని చదివి, చిన్నది చేసుకుని, పెద్దదాన్ని వదిలేసేటట్లు మార్చాడు. ఇప్పుడు 126 చిన్న బొమ్మలు కలిపినా 5 కోట్ల బైట్లు కాలేదు. ఏ ఆప్షనూ లేకుండానే మూడు సెక్షన్ల కార్డులూ వచ్చాయి.

చెత్త ఊడ్చేదెవరు?

అతను వదిలేసిన పెద్ద ఫోటోలు ఏమయ్యాయి? ఇక ఎవరికీ అక్కరలేని చోటును వెదికి ఖాళీ చేసే భాగం రన్‌టైమ్ వ్యవస్థలో ఉంటుంది. దాని పేరు గార్బేజ్ కలెక్టర్, అంటే చెత్త ఏరేది. అమెరికా శాస్త్రజ్ఞుడు జాన్ మెకార్తీ 1959 ప్రాంతంలో లిస్ప్ భాష కోసం ఈ పద్ధతిని కనిపెట్టాడు. కాని జాబితాలో పట్టుకుని ఉన్నదాన్ని అది చెత్త అనుకోదు. అందుకే మొదటిసారి ఏమీ చేయలేకపోయింది.

రన్‌వేను తనిఖీ చేసి, రాయీరప్పా ఏరేటప్పుడు విమానాలు కాసేపు ఆగాలి. అలాగే చెత్త ఏరే పనిలో కొంతసేపు ప్రోగ్రాము ఆగవలసి వస్తుంది. ఒక్కో ఆగుడు ఎంతకు మించకూడదో లక్ష్యం చెప్పడానికి కూడా జావాలో ఆప్షను ఉంది. ఇప్పుడు సాధారణంగా వాడే కలెక్టరులో మనం ఏమీ చెప్పకపోతే ఆ లక్ష్యం 200 మిల్లీసెకన్లు. అది లక్ష్యమే గాని హామీ కాదు.

ఇంత బలం ఉన్న మాటలను ఎవరు పడితే వారు చెప్పవచ్చునా? హాస్కెల్ తయారుచేసిన వారికి ఈ ప్రశ్న వచ్చింది. కొన్ని ఆప్షన్లు ఫైళ్ల మీద రాయగలవు కనుక, ఇతరులు వాటిని దురుపయోగం చేయవచ్చు. అందుకని ప్రోగ్రాము రాసినవారు ముందుగా అనుమతి ఇస్తేనే చాలా ఆప్షన్లు పనిచేసేటట్లు కట్టడి పెట్టారు. విమానంలో పైలట్ గది తలుపు వేసి ఉంచినట్లే!

మీరే చేసి చూడండి

మీ కంప్యూటరు టీచరు సహాయంతో జావాలో ఒక చిన్న ప్రోగ్రాము రాయండి. అది ప్రతిసారీ 10 లక్షల బైట్ల వరుస ఒకటి తయారు చేసి, జాబితాలో చేర్చి, ఇప్పటికి ఎన్ని అయ్యాయో తెర మీద రాయాలి. మొదట హద్దును 64 మెగాబైట్లుగా, తరువాత 128గా పెట్టి నడపండి. మెగాబైట్లకు 'జి' బదులు 'ఎం' అక్షరం రాయాలి. ఏ అంకె దగ్గర ఆగిందో రెండుసార్లూ రాసుకోండి. రెండో అంకె మొదటిదానికి సుమారు రెట్టింపు ఉందా?

ఇప్పుడు జాబితాలో చేర్చే వాక్యాన్ని తీసేసి మళ్లీ నడపండి. ఈసారి అది ఆగదు. కంట్రోలు, 'సి' మీటలను కలిపి నొక్కి మీరే ఆపాలి. ఎందుకు ఆగలేదో ఒక్క వాక్యంలో మీ నోటుబుక్కులో రాయండి. ఆ వాక్యం సరిగా రాయగలిగితే, నేను ఒక సాయంత్రమంతా తిప్పలు పడి నేర్చుకున్న పాఠం మీకు పది నిమిషాల్లో వచ్చినట్లే. హద్దు పెంచే ముందు, చోటు ఎక్కడ పోతున్నదో లెక్క చూసుకోవాలి.