పక్క మంచం ‘దేవదాసు’ను చూసి నవ్వుతున్నారా?

హాస్టల్లో రాత్రి పదకొండు. మీ రూమ్మేట్ ముసుగు తన్ని పడుకున్నాడు. రెండ్రోజులుగా క్లాసుకి రాలేదు, మెస్‌కీ రాలేదు. సంగతి అందరికీ తెలుసు.. బ్రేకప్! అంతే, ఒకడు ఫోన్లో విషాద గీతం పెడతాడు. ‘ఏరా దేవదాసూ, గడ్డం పెంచుతున్నావా?’ అంటాడు ఇంకొకడు. వాట్సప్ గ్రూపులో మీమ్ పడుతుంది. అమ్మాయిల హాస్టల్లోనూ ఇంచుమించు ఇదే తంతు. ఆ నవ్వుల్లో మీదీ ఉందా? పైగా మీరింతవరకూ ఎవర్నీ ప్రేమించలేదా? అయితే ఇది మీకోసమే.

1953లో అక్కినేని ‘దేవదాసు’గా తెరపై కుంగిపోతుంటే జనం కంటతడి పెట్టారు. ఇప్పుడా పేరే ఎగతాళి మాటైపోయింది. తెర మీది బాధకు ఏడుస్తాం, పక్క మంచం మీది బాధకు నవ్వుతాం. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటే ఇదే.

నాటకం కాదు.. నొప్పే!

2011లో వెలువడిన ఓ అమెరికా అధ్యయనంలో, ఇష్టం లేకుండానే బ్రేకప్ అయిన 40 మందికి దూరమైనవారి ఫొటో చూపిస్తూ మెదడును స్కాన్ చేశారు. మరోసారి వాళ్ల చేతికి నొప్పి పుట్టేలా వేడి తగిలించారు. రెండుసార్లూ నొప్పికి సంబంధించిన కొన్ని భాగాలు ఒకేలా స్పందించాయి. కాలు విరిగినవాడిని ‘లేచి పరిగెత్తరా’ అనం కదా! మరి వీడినెందుకు ‘దీనికే ఇంత సీనా’ అంటాం?

‘నాకు ప్రేమంటేనే తెలీదు, ఏం ఓదార్చను?’ అంటారా! తెలియక్కర్లేదు. ఆశ పెట్టుకున్న ర్యాంకు చేజారిన రోజు, నాయనమ్మ పోయిన రోజు గుర్తు తెచ్చుకోండి. అప్పుడెవరైనా మీ మీద జోకేస్తే ఎలా ఉండేది?

ఏం చేయాలి?

* ముందు జోకులు ఆపండి. పక్కవాళ్లు మొదలెడితే ‘ఇక చాల్లే’ అనండి.

* ‘పోతే పోయింది, మర్చిపో’ లాంటి సలహాలొద్దు. చెప్పింది వినండి, చాలు.

* మెస్ నుంచి ఓ ప్లేటు తెచ్చి పక్కన పెట్టండి. సాయంత్రం అలా బయటికి తీసుకెళ్లండి.

* నమ్మి చూపించిన చాట్లూ, ఫొటోలూ ఇంకెవరికీ పంపొద్దు.

* వారాలు గడిచినా తిండీ నిద్రా లేకపోతే సాయం అవసరమని అర్థం. ‘బతకాలని లేదు’ అంటే మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు, ఒంటరిగా వదలొద్దు. వెంటనే వార్డెన్‌కో, ఇంట్లోవాళ్లకో చెప్పండి. టెలిమానస్ నంబరు 14416కి ఏ వేళలోనైనా ఉచితంగా, తెలుగులోనే మాట్లాడొచ్చు.

ప్రేమ ఎవరికి ఎప్పుడు ఎదురవుతుందో చెప్పలేం. రేపు ముసుగు తన్నేది మీరే కావొచ్చు. ఆ రాత్రి మీ గదికి మీమ్‌తో వచ్చేవాడు కావాలా, ప్లేటుతో వచ్చేవాడు కావాలా? ఇవాళ మీరు అలాగే ఉండండి.