చెవుల గవ్వ ఏ ఇంటిది?

సాలగ్రామం ఉన్న ఇళ్లవారికి అమోనాయిడ్లను కొత్తగా పరిచయం చేయనక్కర్లేదు. నేపాల్‌లో గండకీ నది ఒడ్డున దొరికే ఆ నల్లరాతిలో చుట్టచుట్టుకుని కనిపించే చక్రం... కోట్ల ఏళ్ల కిందట సముద్రంలో బతికిన ఓ జీవి గుల్ల గుర్తు. అదే అమోనాయిడ్. ఆక్టోపస్‌కి దూరపు చుట్టం. గుల్ల నిండా వరసగా గదులు, ఆఖరి గదిలో కాపురం! హిమాలయాలు ఒకప్పుడు సముద్రపు అడుగు కాబట్టే కొండల్లో ఇవి దొరుకుతున్నాయి.

చక్రాలెన్ని, రంధ్రం ఎలా ఉంది అని చూసి సాలగ్రామాన్ని సుదర్శనమనో లక్ష్మీనారసింహమనో చెబుతారు పెద్దలు. శిలాజ శాస్త్రవేత్తలు చేసేదీ ఇంచుమించు అదే. చుట్లు ఎంత బిగువుగా ఉన్నాయి, గుల్లను అడ్డంగా కోస్తే ఏ ఆకారం వస్తుంది అని చూస్తారు. అన్నిటికన్నా ముఖ్యం అతుకు గీత. గదుల మధ్య గోడ గుల్లను తాకేచోట పడే గీత అది. పాతకాలపు వాటిలో అది సాదా వంకర. కాలం గడిచేకొద్దీ కొత్తిమీర ఆకు అంచులా చిక్కులు చిక్కులుగా మారింది.

వినడానికి తేలికే. కానీ ఒకే జీవి పిల్లప్పుడు ఒకలా, పెద్దయ్యాక మరోలా ఉంటుంది. ఆడా మగా సైజులు వేరు. పైగా రాతి బరువుకి గుల్లలు నలిగిపోతాయి. అందుకే ఒక్క జీవికే ఇద్దరు ముగ్గురు వేర్వేరు పేర్లు పెట్టేసిన సందర్భాలు బోలెడు. అప్పుడు మొదట పెట్టిన పేరే చెల్లుతుంది.

ఈ తంతులో ఓ గుల్ల శాస్త్రవేత్తలను శతాబ్దానికి పైగా తిప్పలు పెట్టింది. పేరు ఒటోసెరాస్. భారత భూగర్భ సర్వే సంస్థలో పనిచేసిన ఆస్ట్రియా శాస్త్రవేత్త గ్రీస్‌బాక్ హిమాలయాల్లో దొరికిన గుల్లలను పరిశీలించి, 1880లో ఆ పేరు పెట్టాడు. గ్రీకులో ‘చెవి కొమ్ము’ అని అర్థం. గుల్ల మధ్యలో గుంట, దాని అంచులు రెండువైపులా చెవుల్లా లేచి ఉంటాయి. అడ్డంగా చూస్తే బాణం మొనలా ఉంటుంది.

చెవులదేముందిలే అనుకోవచ్చు. అది దొరికిన పొరే అసలు విశేషం! సుమారు 25.19 కోట్ల ఏళ్ల కిందట, పెర్మియన్ యుగం చివర, భూమ్మీద అతిపెద్ద వినాశనం జరిగింది. సైబీరియాలో పొంగిన లావా, దాంతో వెలువడిన వాయువులు దానికి ప్రధాన కారణమని భావిస్తారు. సముద్రజీవుల్లో 80 శాతానికి పైగా జాతులు తుడిచిపెట్టుకుపోయాయి. అమోనాయిడ్లలో మిగిలినవి వేళ్లమీద లెక్కపెట్టదగ్గ వంశాలే. ఆ తర్వాత మొదలైంది ట్రయాసిక్ యుగం. ఒటోసెరాస్ సరిగ్గా ఆ సరిహద్దు దగ్గరే కనిపించింది. ఇంకేం... కొత్తయుగపు తొలి అతిథి ఇదేనన్నారు. ఇది ఎక్కడ మొదలైతే అక్కడే ట్రయాసిక్ మొదలు! కెనడా ఆర్కిటిక్ దీవుల్లోనూ ఈ గుల్లలు దొరికాయి. అక్కడ పనిచేసిన టోజర్, ట్రయాసిక్ తొలి భాగానికి 1965లో ‘గ్రీస్‌బాకియన్’ అని పేరుపెట్టాడు.

కానీ ఆ చెవులే కొంప ముంచాయి. 1959లో సోవియట్ శాస్త్రవేత్త రుజెన్‌ట్సెవ్ అరాక్సోసెరాస్ అనే ప్రజాతిని వర్ణించాడు. అరాక్స్ నది పేరే దానికి పెట్టాడు. అచ్చంగా పెర్మియన్ జీవి. దానికీ అలాంటి చెవులే! ఇప్పుడు రెండింటినీ ఒకే పెద్ద కుటుంబంలో చేర్చారు. అంటే ఒటోసెరాస్ కొత్తింట్లో పుట్టిన మొదటి బిడ్డ కాదు, పాతింట్లో మిగిలిన ఆఖరి వారసుడు. ఆ తర్వాత ఆ వంశం నిలవలేదు. ట్రయాసిక్ సముద్రాలను నింపిన అమోనాయిడ్లు వేరే వంశంవి.

పాతింటివాడిని కొత్త యుగానికి గుర్తుగా పెట్టుకోవచ్చా? పెట్టుకోకూడదనేం లేదు. అసలు ఇబ్బంది మరోటి. ఇది ప్రధానంగా హిమాలయాల్లో, ఆర్కిటిక్ ప్రాంతంలోనే దొరుకుతుంది. హిమాలయపు రాళ్లు అప్పట్లో దూరంగా దక్షిణాన ఉండేవి. మధ్యలోని వెచ్చటి సముద్రాల పొరలతో దీన్ని పోల్చిచూడటం కష్టం. ప్రపంచమంతటికీ పనికొచ్చే గుర్తు కావాలి. అది చైనాలోని మెయిషాన్ రాతిపొరల్లో దొరికింది. హిండియోడస్ పార్వస్ అనే జీవి సూక్ష్మమైన పన్నులాంటి భాగం అది. సూక్ష్మదర్శిని ఉంటేనే సరిగ్గా కనిపిస్తుంది! అది మొదట కనిపించే చోటే ట్రయాసిక్ ఆరంభమని 2001లో అంతర్జాతీయ భూగర్భ శాస్త్ర సమాఖ్య ఖరారు చేసింది. ఆర్కిటిక్‌లో ఈ పన్ను కనిపించేది తొలి ఒటోసెరాస్ పొరలకు పైన. దాంతో ట్రయాసిక్ తొలి అతిథి అనుకున్న గుల్లల్లో పాతవి పెర్మియన్ ఖాతాలోకి వెళ్లిపోయాయి. రాయి కదల్లేదు... గీత జరిగిందంతే!

ట్రయాసిక్ తొలి దశకు అధికారికంగా చెల్లుతున్న పేరు మాత్రం ‘ఇండువాన్’. సింధు నది పేరు మీద పెట్టింది. దాని ఆరంభాన్ని చూపే రాయి ఇప్పుడు మెయిషాన్‌లో ఉంది.