ముందు చెల్లించలేనివారి ప్రయాణం

మన దేశంలో కులం చరిత్రను దారుల చరిత్రగా కూడా రాయవచ్చు. ఎవరు ఏ వీధిలో నడవాలి, ఎవరు బండి ఎక్కాలి, ఎవరు బండి పక్కన నడవాలి అన్నవి శతాబ్దాలపాటు కులమే నిర్ణయించింది. 1893లో తిరువాన్కూరు సంస్థానంలో అయ్యంకాళి ఎడ్లబండి ఎక్కి, అస్పృశ్యులకు నిషిద్ధమైన బాటలో సాగిపోవడమే తిరుగుబాటు అయింది. 1924లో మొదలైన వైకోం సత్యాగ్రహం కూడా గుడి చుట్టూ ఉన్న దారుల్లో నడిచే హక్కు కోసం జరిగిందే. 1901లో బాలుడైన అంబేడ్కర్ తోటి పిల్లలతో కలిసి మసూర్ స్టేషన్‌లో దిగి, తండ్రి ఉద్యోగం చేస్తున్న గోరెగావ్ వెళ్లడానికి బండి కోసం వెతికాడు. మహర్లని తెలియగానే బండివాళ్లెవరూ ముందుకు రాలేదు. చివరకు ఒకడు ఒప్పుకున్నాడు. షరతులు రెండు: కిరాయి రెట్టింపు ఇవ్వాలి, బండి పిల్లలే తోలుకోవాలి. ఈ అనుభవాన్ని ఆయన ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’లో నమోదు చేశారు.

ఆ ఘటనను తలచుకున్నప్పుడు అవమానం గురించి మాట్లాడతాం. రెట్టింపు కిరాయి గురించి అంతగా మాట్లాడం. అణగారినవాడు అదే దూరానికి ఎక్కువ చెల్లించవలసి రావడం కులవ్యవస్థకున్న ఆర్థిక ముఖం. బండివాడు పోయాడు. ఆ స్థానంలో నేడు నగరాల్లో రీచార్జ్ కార్డు, ఆటోమేటిక్ గేటు వచ్చాయి. రెట్టింపు కిరాయి కూడా బండివాడితోపాటే పోయిందా అన్నదే ఈ వ్యాసంలో నేను అడగదలచిన ప్రశ్న.

నేను ముంచింగిపుట్టు మండలం నుంచి చదువు కోసం హైదరాబాదు వచ్చినవాణ్ణి. అల్లూరి సీతారామరాజు జిల్లాలో, ఒడిశా సరిహద్దున ఉన్న ఆ కొండల్లో ప్రయాణమంటే ఏమిటో మైదానంలో ఉన్నవారికి చెప్పాలి. వారపు సంతకు వెళ్లే జీపులో లోపల ఎంతమంది ఉంటారో, పైన, వెనుక అంతమంది వేలాడుతుంటారు. జీపు వెళ్లని గూడేలనుంచి నిండు గర్భిణులను నేటికీ డోలీలో మోసుకొస్తున్నారు. దారి లేకపోవడం ఇక్కడ ప్రకృతి చేసిన పని మాత్రమే కాదు. గూడెం ప్రాంతంలో బ్రిటిష్ అధికారులు వేయించిన రోడ్లకు వెట్టిచాకిరీ చేసింది గిరిజనులే. 1922 తిరుగుబాటుకు ఆ వెట్టి ఒక ప్రధాన కారణం. 1955లో మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం ప్రారంభమైంది. దానికోసం కట్టిన జోలాపుట్ జలాశయం కింద గిరిజన గ్రామాలు మునిగాయి, కరెంటు మాత్రం కొండ దిగి విశాఖకు చేరింది. 1960లలో అనంతగిరి, అరకు కొండలను తొలిచి వేసిన కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని ఓడరేవుకు చేర్చడానికి వేసింది. మా కొండల్లో ఖనిజానికి, కరెంటుకు దొరికినంత త్వరగా మనిషికి దారి దొరకలేదు.

అలాంటి చోటునుంచి వచ్చినవాడికి మెట్రో కార్డు నిజంగానే ఒక విముక్తిలా తోస్తుంది. నగరంలో అద్దె గది కోసం వెళితే మొదటి ప్రశ్న ఇంటిపేరు. వంతాల, పాంగి, కిల్లో, కొర్రా అని చెబితే రెండో ప్రశ్న వస్తుంది: ‘అంటే మీరేంటి?’ గేటు దగ్గర ఆ రెండు ప్రశ్నలూ లేవు. కార్డులోని చిప్‌ను యంత్రం చదువుతుంది, ఎక్కిన స్టేషన్‌ను గుర్తుపెట్టుకుంటుంది, దిగినచోట దూరాన్ని బట్టి డబ్బు కోసుకుంటుంది. కార్డు పట్టుకున్న చేయి ఎవరిదో దానికి తెలియదు. లోపల పక్కసీటులో కూర్చున్నవాడు లేచి వెళ్లిపోడు. ఈ అజ్ఞాతత్వాన్ని తక్కువ చేసి చూడకూడదు. గ్రామంలో దొరకని గౌరవం నగరంలో దొరుకుతుందని అంబేడ్కర్ చెప్పిన మాటకు ఇదొక చిన్న రుజువు.

అయితే గేటు కులం అడగదు గాని, నిల్వ అడుగుతుంది. నిల్వ ఎవరి దగ్గర ఉంటుందన్నది మళ్లీ కులం, తెగ, భూమి, జీతం నిర్ణయించే విషయమే.

హైదరాబాదు మెట్రో 2017 నవంబరు 28న ప్రారంభమైంది. మూడు కారిడార్లలో 69 కిలోమీటర్ల మేర సాగుతోంది. మొదట టికెట్ ధరలు 10 రూపాయల నుంచి 60 వరకు ఉండేవి. 2025 మే నెలలో వాటిని 12 నుంచి 75కు పెంచారు. విమర్శలు వచ్చాక పది శాతం తగ్గించి 11 నుంచి 69గా సవరించారు. ఎల్బీనగర్ దగ్గర గది తీసుకుని మియాపూర్ వైపు చదువుకునే విద్యార్థి రానూపోనూ రోజుకు 120 రూపాయలు ఇచ్చేవాడు, ఇప్పుడు 138 ఇవ్వాలి. నెలకు పాతిక రోజులు లెక్కవేస్తే 3,000 కాస్తా 3,450 అయింది. పూటకూళ్లకు డబ్బు లెక్కపెట్టుకునే విద్యార్థికి ఈ 450 రూపాయలు చిన్న తేడా కాదు.

ధరలకన్నా రాయితీల నిర్మాణాన్ని గమనించాలి. స్మార్ట్ కార్డుతో ప్రయాణిస్తే పది శాతం తగ్గింపు ఉండేది. 2023 ఏప్రిల్ నుంచి దాన్ని ఉదయం ఆరు నుంచి ఎనిమిది వరకు, రాత్రి ఎనిమిది తర్వాత మాత్రమే అని పరిమితం చేశారు. కళాశాల వేళలు ఆ గంటల్లో ఉండవు. అదే ఏడాది జూలైలో విద్యార్థి పాస్ వచ్చింది: ఇరవై ప్రయాణాల డబ్బు కడితే ముప్పై ప్రయాణాలు. మంచి పథకమే. కాని ఇరవై ప్రయాణాల డబ్బు ఒకేసారి చేతిలో ఉండాలి. ఉన్నవాడికి మూడోవంతు తగ్గింది. ఏ రోజుకారోజు యాభై, వంద రీచార్జ్ చేసుకునేవాడు అదే రైలుకు, అదే సీటుకు పూర్తి ధర ఇచ్చాడు.

ఏజెన్సీ కుటుంబాలకు డబ్బు ఎలా వస్తుందో తెలిస్తే ఈ నిర్మాణం ఎవరిని బయట పెడుతుందో అర్థమవుతుంది. కాఫీ పండ్లు కోతకు వచ్చే చలికాలంలో, వలిసెలు, రాజ్‌మా, పసుపు సంతకు చేరినప్పుడు ఇంట్లో నాలుగు డబ్బులు కనబడతాయి. అందులోనూ కొంత పాత బాకీకి పోతుంది. మిగిలిన నెలల్లో పిల్లవాడికి ఇంటినుంచి వచ్చేది వందల్లోనే. నెల జీతం ఒకటో తేదీన ఖాతాలో పడే కుటుంబానికి ముందస్తు చెల్లింపు సులభం. పంటకూ సంతకూ ముడిపడ్డ కుటుంబానికి అది అసాధ్యం. ముందుగా చెల్లించగలిగినవారికే రాయితీ అన్న నియమంలో కులం పేరు ఎక్కడా ఉండదు, ఫలితంలో మాత్రం ఉంటుంది. మసూర్ స్టేషన్ బండివాడు అడిగిన అదనపు కిరాయి ఇలా యంత్రం లోపలికి వెళ్లి కూర్చుంది.

రెండో అడ్డంకి చిరునామా. తెలంగాణ ప్రభుత్వం 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం కింద ఆర్టీసీ బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం ప్రారంభించింది. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి మొదలైంది. ఈ రెండూ చరిత్రాత్మకమైన చర్యలే. ఇళ్లలో పనిచేసే స్త్రీలకు, కూలీలకు, విద్యార్థినులకు నగరాన్ని తెరిచాయి. కాని జీరో టికెట్ కావాలంటే ఆ రాష్ట్ర చిరునామా ఉన్న గుర్తింపు కార్డు చూపాలి. మా మండలం నుంచి వచ్చి హైదరాబాదులో చదువుకుంటున్న చెల్లెళ్ల ఆధార్‌లో ముంచింగిపుట్టు అని ఉంటుంది. కాబట్టి వాళ్లకు టికెట్ తప్పదు. ఇంద్రవెల్లి నుంచి విశాఖ వెళ్లి చదువుకునే గోండు అమ్మాయికీ ఇదే పరిస్థితి. ఢిల్లీలో 2019 అక్టోబరులో గులాబీ టికెట్ ప్రవేశపెట్టినప్పుడు ఏ ఊరిదానివని ఏ స్త్రీనీ అడగలేదు. 2025లో అక్కడ కూడా స్థానిక చిరునామా ఉన్నవారికే కార్డు అన్న ఆలోచన ముందుకు వచ్చింది. కార్డు వచ్చేకొద్దీ హక్కు ఇరుకైపోవడం ఆందోళన కలిగించే ధోరణి.

ఖర్చు రాష్ట్ర ఖజానాది, పొరుగు రాష్ట్రం వాళ్లకు ఎందుకివ్వాలి అని కొందరు అడుగుతారు. 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు జీవో నంబర్ 3ను కొట్టివేశాక, ఏజెన్సీ ఉపాధ్యాయ ఉద్యోగాలు స్థానిక గిరిజనులకే అన్న హామీ పోయింది. ఊళ్లోనే టీచరు కావచ్చనుకున్న యువతీయువకులు ఇప్పుడు పోటీ పరీక్షల శిక్షణ కోసం నగరాలకు రాక తప్పదు. ఆ శిక్షణ కేంద్రాల్లో ఎక్కువ భాగం పెద్ద నగరాల్లోనే ఉన్నాయి. అవకాశాన్ని ఒకచోట కుప్పపోసి, అక్కడికి చేరే దారిలో చిరునామా గేటు పెట్టడం న్యాయం కాదు.

ఇది వర్గ సమస్య, కుల సమస్య కాదనే వాదన కూడా ఉంది. పేద అగ్రకుల విద్యార్థికి రీచార్జ్ కష్టం కాదా అంటారు. నిజమే, అతనికీ కష్టమే, నేను సూచించే మార్పు అతనికీ మేలు చేస్తుంది. కాని అతనికి నగరంలో ఒక బంధువు ఇల్లు, కులసంఘం హాస్టలు, పరిచయస్తుడి సిఫారసు దొరికే అవకాశం ఎక్కువ. కళాశాలకు దగ్గర్లో గది దొరికితే ప్రయాణమే తగ్గుతుంది. ఇంటిపేరు వినగానే తలుపు మూసుకునే విద్యార్థి దూరంగా, శివారులో ఉంటాడు. ఎక్కువ కిలోమీటర్లు తిరుగుతాడు, ఎక్కువ చెల్లిస్తాడు. దూరాన్ని బట్టి కోసుకునే కార్డు ఈ విధంగా గది దగ్గర జరిగిన వివక్షకు కూడా రుసుం వసూలు చేస్తుంది. నగర పటంలోనూ ఇదే కనబడుతుంది: రాయదుర్గం ఐటీ కార్యాలయాల దాకా వెళ్లిన మెట్రో, ఫలక్‌నుమాకు వెళ్లవలసిన కారిడార్‌లో 2020 ఫిబ్రవరిలో మహాత్మాగాంధీ బస్‌స్టేషన్ దగ్గర ఆగి, పాతబస్తీలోకి అడుగుపెట్టలేదు.

కార్డును తప్పుపట్టి లాభం లేదు, దాని నియమాలను మార్చవచ్చు. అందుకు ప్రపంచంలో నమూనాలు ఉన్నాయి. లండన్‌లో ఆయిస్టర్ కార్డు 2003లో వచ్చింది. 2005 నుంచి రోజువారీ గరిష్ఠ పరిమితి అమలైంది. ఎన్నిసార్లు ఎక్కినా ఒక రోజుకు ఇంతకుమించి కార్డు కోసుకోదు. న్యూయార్క్‌లో వారం పాస్ కొనలేని పేదలు విడివిడి టికెట్లతో ఎక్కువ చెల్లిస్తున్నారన్న విమర్శ చాలాకాలం ఉండేది. 2022లో అక్కడ కొత్త నియమం వచ్చింది: వారంలో పన్నెండు ప్రయాణాలకు డబ్బు చెల్లిస్తే ఆపై ప్రయాణాలు ఉచితం. ముందుగా ఏదీ కట్టనక్కరలేదు. లెక్క కార్డే చూసుకుంటుంది. చిన్న చిన్న మొత్తాలు వేసుకునేవాడికీ, వారం మొత్తానికీ ఒకేసారి కట్టేవాడికీ ఒకే ధర పడుతుంది. ఇది దానధర్మం కాదు, ముందస్తు చెల్లింపు పేరిట పేదవాడినుంచి తీసుకునే అదనాన్ని ఆపడం మాత్రమే.

మన దగ్గర దీనికి సమయం కూడా వచ్చింది. మెట్రో మొదటి దశను ఎల్ అండ్ టీ నుంచి రాష్ట్ర ప్రభుత్వం తీసుకోవడానికి 2025 సెప్టెంబరులో సూత్రప్రాయంగా అంగీకారం కుదిరింది. ప్రైవేటు సంస్థ లాభనష్టాల సాకు ఇకపై చెల్లదు. విశాఖలో మెట్రో ప్రతిపాదన ముందుకు నడుస్తోంది. మా జిల్లా పిల్లల్లో ఎక్కువమంది చదువుకు చేరేది ఆ నగరానికే. అక్కడ పట్టాలకన్నా ముందే కార్డు నియమాల గురించి చర్చ జరగాలి.

నా డిమాండ్లు ఇవి. మెట్రో, బస్సు రెండింటికీ పనిచేసే ఒకే కార్డు, దానిపై రోజు, వారం, నెల గరిష్ఠ పరిమితులు ఉండాలి. విద్యార్థినుల ఉచిత ప్రయాణానికి ఆధార్ చిరునామాకు బదులు, చదువుతున్న సంస్థ ఇచ్చిన గుర్తింపు కార్డును అంగీకరించాలి. రెండు తెలుగు రాష్ట్రాలూ పరస్పరం ఒప్పందం చేసుకుంటే ఇది ఒక్క ఉత్తర్వుతో అయ్యే పని. ఎస్సీ, ఎస్టీ విద్యార్థుల ఉపకార వేతనంలో ప్రయాణ భాగాన్ని చేర్చి నెలనెలా కార్డులోనే జమచేయాలి. ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన 2013 ఉపప్రణాళిక చట్టం, తెలంగాణ 2017 ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం ఇలాంటి ఖర్చులకే ఉన్నాయి. ఫ్లైఓవర్లకు మళ్లించకుండా వాటిని విద్యార్థి కార్డుకు చేర్చండి. బ్యాంకు ధ్రువీకరణ పేరుతో కార్డుకు పత్రాలు అడగకూడదు. ప్రజా రవాణా కార్డులను మూడు వేల రూపాయల నిల్వ వరకు కేవైసీ లేకుండానే ఇవ్వవచ్చని రిజర్వు బ్యాంకు 2024 ఫిబ్రవరిలోనే అనుమతించింది. యంత్రం ఇచ్చిన అజ్ఞాతత్వాన్ని పత్రాల పేరుతో వెనక్కి తీసుకోవద్దు.

విద్యార్థి సంఘాలు ఫీజు రీయింబర్స్‌మెంట్ కోసం పోరాడినట్టే ప్రయాణ ఖర్చు కోసం కూడా పోరాడాలి. సీటు వచ్చినా తరగతికి చేరలేని విద్యార్థికి రిజర్వేషన్ సగమే అందినట్టు. నగర రవాణాపై ఈ పోరాటం కొండ దారులపై పోరాటంనుంచి వేరు కాదు. ముంచింగిపుట్టు గూడేలకు రోడ్డు, ఆ రోడ్డుపై నడిచే ఆర్టీసీ బస్సు, ఆ బస్సు దిగాక నగరంలో చెల్లే ఒకే కార్డు — ఈ మూడింటినీ ఒకే వినతిపత్రంలో రాసి రెండు ప్రభుత్వాల ముందూ పెట్టవలసిన సమయం ఇది.