గ్రాఫిక్స్ కార్డుకు ఎందుకింత ధర? కొనే ముందు ఇంట్లో వేసుకోవాల్సిన లెక్క

బీటెక్‌లో సీటు వచ్చిన పిల్లలు ఇంట్లో మొదట అడిగేది కంప్యూటర్. కాకినాడ జేఎన్‌టీయూ అయినా, తాడేపల్లిగూడెం నిట్ అయినా, భీమవరం, రాజమండ్రి ప్రైవేటు కాలేజీలైనా ఇదే మాట. షాపులో రాయించుకొచ్చిన కొటేషన్ చూస్తే మొత్తం ఖర్చులో మూడో వంతు నుంచి సగం దాకా ఒకే ఒక్క వస్తువుకు పోతుంది. అదే గ్రాఫిక్స్ కార్డు. పైగా షాపాయన "భాయ్, ఈ రేటు ఇవాళ్టికే. వారం ఆగితే ఎంతుంటుందో చెప్పలేం" అంటాడు. తండ్రికి అనుమానం వస్తుంది. తొందరపెట్టి అమ్మడానికి అలా అంటున్నాడా, లేక నిజంగానే మార్కెట్ అలా ఉందా?

ధరలు నిలకడగా లేని మాట నిజమే. అందులో షాపు వాళ్ల చేతిలో ఉన్నది చాలా తక్కువ. అయితే ఆ కార్డు ఇవాళే కొనాలా అన్నది వేరే ప్రశ్న. చాలా ఇళ్లలో దానికి జవాబు "ఇప్పుడే అక్కర్లేదు" అనే వస్తుంది. ఆ జవాబు తెలియక ముప్పై, నలభై వేలు ఖర్చు పెట్టేసే కుటుంబాలు తక్కువేం కాదు.

కార్డు లేకుండా కంప్యూటర్ నడవదా?

నడుస్తుంది. తెర మీద బొమ్మ చూపించే పని చాలా ప్రాసెసర్లు సొంతంగానే చేస్తాయి. దీన్ని ఇంటిగ్రేటెడ్ గ్రాఫిక్స్ అంటారు. ప్రోగ్రామింగ్ నేర్చుకోవడం, ఆన్‌లైన్ క్లాసులు, ఎక్సెల్, ట్యాలీ, ఇన్‌పేజ్‌లో ఉర్దూ కంపోజింగ్, ఫొటోషాప్‌లో మామూలు పని, ఇవేవీ విడిగా కార్డు అడగవు. మొదటి ఏడాది ఆటోక్యాడ్ డ్రాయింగులు కూడా అది లేకుండానే అయిపోతాయి.

విడిగా కార్డు నిజంగా అవసరమయ్యేది కొందరికే. పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే స్టూడియోలు, బ్లెండర్‌లాంటి వాటిలో త్రీడీ బొమ్మలు చేసేవాళ్లు, ఇళ్ల ప్లాన్లను త్రీడీలో రెండర్ చేసేవాళ్లు, పెద్ద గేములు ఆడేవాళ్లు. ఏఐ మోడళ్లను సొంత కంప్యూటర్లోనే నడపాలనుకునే విద్యార్థులు కూడా ఈ లెక్కలోకే వస్తారు.

ఇక్కడ ఒక్క జాగ్రత్త. ప్రాసెసర్ పేరు చివర ఉండే అక్షరం తప్పకుండా చూడాలి. ఇంటెల్ ప్రాసెసర్ పేరు చివర "ఎఫ్" ఉంటే దానికి సొంత గ్రాఫిక్స్ ఉండదు. కార్డు లేకపోతే తెర వెలగదు. ఏఎండీ రైజెన్ 5000 సిరీస్‌లో 5600జీ లాగా చివర "జీ" ఉన్నవాటికే సొంత గ్రాఫిక్స్ ఉంటుంది. వెయ్యో రెండు వేలో తగ్గుతుందని "ఎఫ్" రకం తీసుకుంటే, ఆ తర్వాత కార్డు తప్పనిసరిగా కొనాల్సి వస్తుంది.

డాలర్ నుంచి రాజమండ్రి దాకా

ఈ కార్డుల్లోని చిప్పులను డిజైన్ చేసేది ప్రధానంగా ఎన్విడియా, ఏఎండీ, ఇంటెల్ అనే మూడు అమెరికా కంపెనీలు. ఇప్పటి గేమింగ్ కార్డుల చిప్పులు తైవాన్‌లోని టీఎస్ఎంసీ ఫ్యాక్టరీలో తయారవుతాయి. అక్కడి నుంచి కార్డుగా మారి, దిగుమతిదారు, డిస్ట్రిబ్యూటర్ చేతులు దాటి హైదరాబాద్, విజయవాడ హోల్‌సేల్ షాపులకు చేరతాయి. గోదావరి జిల్లాల షాపులు ఎక్కువ సరుకు పెట్టుకోవు. ఆర్డర్ వచ్చాక సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ నుంచో, విజయవాడ నుంచో పార్సిల్ తెప్పిస్తాయి. రేటు ఇవాళ్టికే అనడానికి ఒక కారణం అదే. పైవాడు చెప్పిన ధర మారితే కింద షాపులోనూ మారుతుంది.

లెక్క ఒకసారి చూద్దాం. 2025 జనవరిలో ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 5070 కార్డుకు అమెరికాలో 549 డాలర్లు, మన దేశంలో 59,000 రూపాయలు ధర ప్రకటించింది. అప్పట్లో డాలర్ సుమారు 86 రూపాయలు. ఆ లెక్కన కార్డు ఖరీదు 47,214 రూపాయలు. దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే దాదాపు 55,700. మిగిలిన 3,300 రూపాయల్లోనే రవాణా, డిస్ట్రిబ్యూటర్ వాటా, షాపు లాభం అన్నీ సర్దుకోవాలి. అమెరికా ధరలో అక్కడి పన్ను కలిపి ఉండదన్నది కూడా గుర్తుంచుకోవాలి.

2025 డిసెంబరులో డాలర్ 90 రూపాయలు దాటింది. అదే 549 డాలర్ల కార్డు 90 రూపాయల లెక్కన పన్నుతో కలిపి 58,300 అవుతుంది. కంపెనీ ఒక్క డాలర్ పెంచకపోయినా రూపాయి పడిపోవడం వల్లే 2,600 పెరిగినట్టు. ఇక 2025 సెప్టెంబరు 22 నుంచి వచ్చిన జీఎస్టీ మార్పుల్లో పెద్ద టీవీల మీద పన్ను 28 నుంచి 18కి తగ్గింది కానీ, కంప్యూటర్ విడిభాగాలు ముందు నుంచీ 18లోనే ఉన్నాయి. కాబట్టి వాటికి తగ్గిందేమీ లేదు.

మెమరీ చిప్పుల కరువు

రూపాయి ఒక్కటే కారణం కాదు. గ్రాఫిక్స్ కార్డు మీద ప్రధాన చిప్పుతో పాటు మెమరీ చిప్పులూ ఉంటాయి. ప్రపంచంలో ఇలాంటి మెమరీలో ఎక్కువ భాగం తయారుచేసేవి మూడే కంపెనీలు: శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్. ఏఐ డేటా సెంటర్లకు కావాల్సిన ప్రత్యేక మెమరీని కూడా ఈ మూడే చేస్తాయి. ఆ రకం మెమరీకి మామూలు దానికంటే చాలా ఎక్కువ సిలికాన్ పడుతుంది, లాభమూ ఎక్కువే. దాంతో ఫ్యాక్టరీలు అటువైపు మొగ్గాయి. ఇంటి కంప్యూటర్లకు వచ్చే మెమరీ తగ్గి, 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. 2025 డిసెంబరు 3న మైక్రాన్ అయితే మామూలు కొనుగోలుదారులకు "క్రూషియల్" పేరుతో అమ్మే వ్యాపారాన్నే ఆపేస్తున్నట్టు ప్రకటించింది.

ఇదంతా ఎక్కడో జరిగే సంగతిలా అనిపించొచ్చు. కానీ రాజమండ్రికి 200 కిలోమీటర్ల లోపే ఉన్న విశాఖపట్నంలో ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లతో ఏఐ కేంద్రం పెడతామని 2025 అక్టోబరు 14న గూగుల్ ప్రకటించింది. ఇలాంటి కేంద్రాలు ప్రపంచమంతా లేస్తున్నాయి. వాటికీ, పిల్లల కంప్యూటర్‌కీ మెమరీ చిప్పులు వచ్చేది ఆ కొద్ది ఫ్యాక్టరీల నుంచే.

ఆగితే తగ్గుతుందా?

"2021లో కూడా ఇలాగే పెరిగాయి, తర్వాత పడిపోయాయి కదా" అని కొందరు అంటారు. నిజమే. 2020 చివర్లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 3000 సిరీస్ కార్డులు ఏడాదికి పైగా అసలు ధరకు దొరకలేదు. కరోనా రోజుల్లో ఇంటి నుంచి పని, ఆన్‌లైన్ చదువులు ఒకవైపు, కార్డులతో ఇథీరియం అనే క్రిప్టో నాణెం తవ్వేవాళ్లు మరోవైపు. 2022 సెప్టెంబరు 15న ఇథీరియం తన పద్ధతి మార్చుకోవడంతో ఆ నాణేనికి కార్డుల అవసరమే లేకుండా పోయింది. తవ్వేవాళ్లు వాడిన కార్డులన్నీ సెకండ్‌హ్యాండ్ మార్కెట్లోకి వచ్చిపడ్డాయి. ఆగినవాళ్లు లాభపడ్డారు.

ఈసారి కథ వేరు. ఏఐ కంపెనీలు కొనే పెద్ద యూనిట్లు ఇంటి కంప్యూటర్‌కు పనికొచ్చేవి కావు. వాటిలో చాలావాటికి మానిటర్ తగిలించే పోర్టు కూడా ఉండదు. రేపు ఏఐ జోరు తగ్గినా అవి సెకండ్‌హ్యాండ్‌గా మన షాపులకు రావు. మెమరీ ఫ్యాక్టరీ కొత్తది కట్టాలంటే ఏళ్లు పడుతుంది. కాబట్టి రెండు నెలలు ఆగితే సగం ధరకు వస్తుందన్న ఆశతో చదువుకు కావాల్సిన కంప్యూటర్‌ను ఆపుకోవడం తెలివైన పని కాదు. అలాగని భయపడి అన్నీ ఒకేసారి కొనేయాల్సిన పనీ లేదు.

రెండు విడతల దారి

డెస్క్‌టాప్‌లో ఒక సౌకర్యం ఉంది. మిగతావి కదిలించకుండా తర్వాత చేర్చుకోగలిగే భాగం గ్రాఫిక్స్ కార్డు. ల్యాప్‌టాప్‌లో ఈ వీలు ఉండదు. కాబట్టి మొదట సొంత గ్రాఫిక్స్ ఉన్న ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్ పెట్టించి కంప్యూటర్ తీసుకోవచ్చు. ఆ ర్యామ్ ఒకే ముక్క కాకుండా 8 జీబీవి రెండు పెట్టిస్తే సొంత గ్రాఫిక్స్ ఇంకా బాగా పనిచేస్తుంది. ఒకటి రెండేళ్లు చదివాక పిల్లలకు ఏ దారి నచ్చిందో తేలుతుంది. అప్పటికి కార్డు కావాల్సి వస్తే చేర్చుకోవచ్చు.

దీనికి ముందే చూసుకోవాల్సినవి రెండు. పవర్ సప్లై పేరున్న కంపెనీది, 550 వాట్లకు తగ్గకుండా ఉండాలి. క్యాబినెట్‌లో కార్డు పట్టేంత పొడవు ఉండాలి. ఇక్కడ వెయ్యి, పదిహేను వందలు మిగిల్చుకుంటే రేపు కార్డుతో పాటు అవి కూడా మార్చాల్సి వస్తుంది. ఎండాకాలం కరెంటు కోతలు, ఓల్టేజీ హెచ్చుతగ్గులు ఉన్న ఊళ్లలో కార్డు ఉన్న కంప్యూటర్‌కు చిన్న 600 వీఏ యూపీఎస్ సరిపోకపోవచ్చు. 1000 వీఏ తీసుకుంటే నయం.

ఈలోగా ఏఐ, మెషీన్ లెర్నింగ్ నేర్చుకునే పిల్లలు ఖాళీగా ఉండక్కర్లేదు. గూగుల్ కోల్యాబ్‌లో బ్రౌజర్ నుంచే, పరిమితంగానైనా, గ్రాఫిక్స్ ప్రాసెసర్‌ను ఉచితంగా వాడుకోవచ్చు. కాలేజీ ప్రాజెక్టుల్లో చాలావాటికి అది చాలు.

ఇవాళే కావాలంటే

స్టూడియో పని, త్రీడీ పని ఉన్నవాళ్లకు ఆగే వీలుండదు. వాళ్లు పేరు కంటే మెమరీ చూడాలి. ఉదాహరణకు ఆర్‌టీఎక్స్ 5060 టీఐ, ఏఎండీ ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ రెండూ 8 జీబీ, 16 జీబీ అని రెండేసి రకాలుగా వస్తాయి. పెట్టె మీద పేరు ఒకటే. మామూలు గేములకు 8 జీబీ సరిపోతుంది. 4కే వీడియో, త్రీడీ, ఏఐ పనులకు త్వరగానే ఇరుకవుతుంది. తక్కువ బడ్జెట్‌లో ఇంటెల్ ఆర్క్ బీ580 కార్డు 12 జీబీతో వస్తుంది. అయితే వాడే సాఫ్ట్‌వేర్ ఏ కంపెనీ కార్డుతో బాగా నడుస్తుందో ముందు కనుక్కోవాలి. బ్లెండర్, ఏఐ పనుల్లో ఎన్విడియాకు మద్దతు ఎక్కువ.

సెకండ్‌హ్యాండ్ కార్డు అయితే అసలు బిల్లు, సీరియల్ నంబరు చూడకుండా డబ్బు ఇవ్వొద్దు. పాత కార్డుకు కొత్త పేరు ఎక్కించి అమ్మే మోసాలు ఉన్నాయి. జీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రాం నడిపితే ఇలాంటివి చాలావరకు బయటపడతాయి. అరగంట గేమో, రెండరింగో నడిపించి చూడాలి. సముద్రం దగ్గరి ఊళ్లలో వాడిన కార్డయితే స్క్రూలకు, ఇనుప పట్టీకి తుప్పు ఉందేమో గమనించాలి.

గల్ఫ్ నుంచి తెప్పిస్తే?

కువైట్‌లో చాచానో, దుబాయ్‌లో మామూనో ఉన్న ఇళ్లలో ఈ ఆలోచన తప్పకుండా వస్తుంది. కువైట్, ఖతర్‌లలో వ్యాట్ లేదు. యూఏఈలో 5 శాతం. మన 18 శాతంతో పోలిస్తే తేడా కనిపిస్తుంది. కానీ చాలా కంపెనీల వారంటీ కొన్న దేశానికే పరిమితం. రెండో ఏట కార్డు పోతే మళ్లీ ఎవరైనా అటు వెళ్లేదాకా ఆగాలి. విదేశం నుంచి వచ్చేవాళ్ల సామాన్లకు సుంకం లేని పరిమితి 2016 నుంచి 50,000 రూపాయలుగా ఉండేది. 2026 ఫిబ్రవరి నుంచి దాన్ని 75,000కు పెంచారు. ఆ పరిమితిలో కార్డు ఒక్కటే కాదు, తెచ్చే ఇతర కొత్త సామాన్ల విలువ కూడా కలుస్తుంది. బిల్లు దగ్గర ఉంచుకోవాలి. తేడా మూడు, నాలుగు వేలే అయితే ఇక్కడి వారంటీయే మేలు.

"నో కాస్ట్ ఈఎంఐ" సంగతి

వడ్డీకి దూరంగా ఉండాలనుకునే కుటుంబాలు ఈ మాట దగ్గర ఆగి చూడాలి. 36,000 రూపాయల కార్డును ఆరు నెలల నో కాస్ట్ ఈఎంఐలో తీసుకుంటే నెలకు 6,000 కడతారు. మొత్తం 36,000. వడ్డీ లేదనిపిస్తుంది. లోపల జరిగేది వేరు. బ్యాంకు సుమారు 34,500 అప్పుగా లెక్కేసి, దాని మీద 15 శాతం వార్షిక వడ్డీతో దాదాపు 1,500 వసూలు చేస్తుంది. ఆ 1,500ను అమ్మేవాళ్లు ముందే డిస్కౌంట్‌గా ఇస్తారు. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, అంటే 270 దాకా, కొనేవాళ్ల మీదే పడుతుంది. ప్రాసెసింగ్ ఫీజు ఉంటే అది వేరు. సున్నా శాతం వడ్డీ అన్నదే అసలు లేదని రిజర్వ్ బ్యాంకు 2013 సెప్టెంబరులోనే బ్యాంకులకు స్పష్టం చేసింది. కార్డు స్టేట్‌మెంట్‌లో ఆ వడ్డీ పంక్తి విడిగా కనిపిస్తుంది కూడా.

దీనికీ రెండు విడతల దారే పనికొస్తుంది. ముందు అవసరమైనంత వరకు నగదుతో కంప్యూటర్ కొని, నెలకు రెండు వేలు పక్కన పెడుతూ పోతే ఏడాదిన్నరకు 36,000 చేతిలో ఉంటాయి. అప్పుడు ఏ కార్డు కావాలో చెప్పేది షాపు కొటేషన్ కాదు, పిల్లలు నేర్చుకున్న పనే.