కంటైనర్ గిడ్డంగి: చేతిపని నుంచి స్వయంచాలనం దాకా

2013 మార్చిలో కాలిఫోర్నియాలోని శాంటా క్లారాలో పైథాన్ ప్రోగ్రామర్ల సమావేశం జరిగింది. అక్కడ సాలమన్ హైక్స్ ఒక చిన్న ప్రసంగంలో డాకర్ అనే పనిముట్టును లోకానికి చూపించాడు. ప్రోగ్రామునూ, అది నడవడానికి కావలసిన లైబ్రరీలనూ కలిపి ఒకే ఇమేజ్‌గా కట్టేస్తే, లినక్స్ ఉన్న మరో యంత్రం మీద కూడా అది అదే తీరున నడుస్తుంది. అలా నడుస్తున్న ఇమేజ్‌నే కంటైనర్ అంటారు. అందరి దృష్టీ దాని మీదే నిలిచింది. అయితే ఒకచోట తయారైన ఇమేజ్ వందల యంత్రాలకు చేరాలంటే, దాన్ని భద్రపరిచి అడిగినవారికి అందించే గిడ్డంగి ఒకటి ఉండాలి. ఆ గిడ్డంగే రిజిస్ట్రీ. పేరు పెద్దగా వినిపించకపోయినా కంటైనర్ల ప్రపంచం నిలబడింది దాని మీదే.

తొలి రిజిస్ట్రీని పైథాన్‌లో రాశారు. ఇమేజ్ అంటే ఒకదానిపై ఒకటి పేర్చిన పొరలు. ఆ రోజుల్లో పొర పేరుకూ, అందులోని సరుకుకూ సంబంధం ఉండేది కాదు. 2015 ఏప్రిల్‌లో గో భాషలో తిరగరాసిన రెండో వెర్షన్ ఈ లోటును తీర్చింది. ప్రతి పొరలోని బైట్లన్నిటినీ షా-256 అనే గణితంతో లెక్కగట్టి, వచ్చిన 64 అక్షరాల విలువనే ఆ పొరకు పేరుగా పెట్టారు. మనిషికి వేలిముద్ర ఎలాగో పొరకు ఈ విలువ అలాగ. లోపల ఒక్క బిట్ మారినా పేరు మారిపోతుంది. దీనివల్ల రెండు మేళ్లు జరిగాయి. దారిలో ఎవరైనా సరుకు మారిస్తే దించుకునే యంత్రం వెంటనే పసిగడుతుంది. పది ఇమేజ్‌లు ఒకే పొరను వాడుతుంటే రిజిస్ట్రీ దాన్ని ఒక్కసారే దాస్తుంది. ఏ ఇమేజ్‌కు ఏ పొరలు కావాలో చెప్పే జాబితాను మానిఫెస్ట్ అంటారు.

అందరికీ అందుబాటులో డాకర్ హబ్ అనే బహిరంగ రిజిస్ట్రీ ఉండగా సొంత రిజిస్ట్రీ ఎందుకు? బ్యాంకులూ ఆసుపత్రులూ తమ ప్రోగ్రాములను బయటి గిడ్డంగిలో పెట్టడానికి సుముఖంగా ఉండవు. 2020 నవంబరులో మరో కారణం తోడైంది. ఖాతా లేకుండా దించుకునేవారికి ఆరు గంటలకు 100 సార్లు, ఉచిత ఖాతా ఉన్నవారికి 200 సార్లు అని డాకర్ హబ్ పరిమితి పెట్టింది. ఖాతా లేనివారి లెక్కను ఐపీ చిరునామాను బట్టి కడతారు. ఒకే చిరునామాతో బయటికి వెళ్లే ఆఫీసులో ఆ 100 అందరికీ కలిపే.

సొంత రిజిస్ట్రీని ఒక్క కమాండుతో 5000 పోర్టు మీద లేపవచ్చు. అసలు పని ఆ తర్వాతే మొదలవుతుంది. గుర్తింపును రుజువు చేసే టీఎల్ఎస్ సర్టిఫికెట్ లేని రిజిస్ట్రీని వేరే యంత్రంలోని డాకర్ మామూలుగా నమ్మదు. పాస్‌వర్డులు పెట్టాలి, డిస్క్ నిండకుండా చూడాలి, బ్యాకప్ తీయాలి. ఇవన్నీ చేత్తో చేస్తే, చేసిన మనిషి ఉద్యోగం మారిన రోజున ఆ జ్ఞానమూ వెళ్లిపోతుంది.

స్వయంచాలనం ఇక్కడే అక్కరకొచ్చింది. 2012లో మైఖేల్ డిహాన్ మొదలుపెట్టిన ఆన్సిబుల్ వంటి పనిముట్లలో, సర్వరు చివరికి ఏ స్థితిలో ఉండాలో ఫైలులో రాసిపెడతాం. జాగ్రత్తగా రాసిన ఫైలును పదిసార్లు నడిపినా ఫలితం ఒక్కటే. ఇప్పటికే సరిగా ఉన్నదాన్ని అది ముట్టుకోదు, తప్పిపోయినదాన్నే సరిచేస్తుంది. సర్టిఫికెట్ల బాధను లెట్స్ ఎన్‌క్రిప్ట్ తీర్చింది. 2015 డిసెంబరులో ప్రజలకు తెరుచుకున్న ఈ సంస్థ ఉచితంగా ఇచ్చిన సర్టిఫికెట్ల గడువు 90 రోజులే. అంత తక్కువ గడువు పెట్టడంలో ఒక ఉద్దేశం ఉంది: పునరుద్ధరణను మనిషి జ్ఞాపకానికి వదలకుండా యంత్రానికే అప్పగించేలా చేయడం.

అన్నిటికంటే చిక్కుముడి చెత్త ఏరివేత. పాత ఇమేజ్ ట్యాగును, అంటే మనుషులు దానికి పెట్టిన పేరును, తీసేసినంత మాత్రాన డిస్క్ ఖాళీ కాదు, ఎందుకంటే దాని పొరలను మరో ఇమేజ్ వాడుతూ ఉండవచ్చు. అందుకే ఏరివేత కార్యక్రమం ముందుగా మానిఫెస్టులన్నీ చదివి, వాడుకలో ఉన్న పొరలకు గుర్తు పెడుతుంది. గుర్తు లేనివాటిని ఆ తర్వాత తుడిచేస్తుంది. ప్రమాదం ఎక్కడంటే, కొత్త ఇమేజ్ ఎక్కించేటప్పుడు పొరలు ముందు వస్తాయి, మానిఫెస్ట్ చివర వస్తుంది. ఆ మధ్యలో ఏరివేత నడిస్తే, అప్పుడే వచ్చిన పొరలు దానికి అనాథల్లా కనిపిస్తాయి. వాటిని తుడిచేస్తే ఇమేజ్ పాడవుతుంది. అందుకే ఏరివేత సాగినంతసేపూ రిజిస్ట్రీని చదవడానికి మాత్రమే తెరిచి ఉంచాలన్నది నియమం. రిజిస్ట్రీని ఆ స్థితికి మార్చి, ఏరివేత నడిపి, తిరిగి మామూలు స్థితికి తేవడం అర్ధరాత్రి షెడ్యూలుకు అప్పగించదగ్గ పని.

ఈ అవసరాలన్నిటినీ ఒకచోట చేర్చింది హార్బర్. వీఎంవేర్ చైనా బృందం తయారుచేసిన ఈ రిజిస్ట్రీ 2016లో ఓపెన్ సోర్స్ అయింది, 2018లో క్లౌడ్ నేటివ్ కంప్యూటింగ్ ఫౌండేషన్‌లో చేరింది. ట్రివీ అనే పనిముట్టుతో భద్రతా లోపాల తనిఖీ, ఎన్ని పాత ఇమేజ్‌లు ఉంచాలో చెప్పే నియమాలు, యంత్రాల కోసం ప్రత్యేక రోబో ఖాతాలు, మరో రిజిస్ట్రీకి నకళ్లు పంపడం, ఇవన్నీ దానిలో ఉన్నాయి. 2020లో వచ్చిన 2.1 వెర్షన్‌తో, రాకపోకలు ఆపకుండానే చెత్త ఏరివేయడం కూడా సాధ్యమైంది.

అయినా స్వయంచాలనం బాధ్యతను తీసేయదు. తప్పు నియమం రాస్తే, అవసరమైన ఇమేజ్‌లను కూడా యంత్రం అంతే శ్రద్ధగా తుడిచేస్తుంది. కాబట్టి రిజిస్ట్రీ నడిపేవారికి మూడు మాటలు. అమరిక ఫైళ్లను, మార్పుల చరిత్రను దాచే గిట్‌లో ఉంచండి, రహస్యాలను మాత్రం వాటికి దూరంగా దాచండి. ముఖ్యమైన సర్వర్లలో ఇమేజ్‌ను ట్యాగుతో కాక దాని మానిఫెస్ట్‌కు లెక్కగట్టిన 64 అక్షరాల విలువతోనే పిలవండి, ఎందుకంటే ట్యాగు రేపు మరో ఇమేజ్‌ను చూపవచ్చు. అప్పుడప్పుడూ ఒక ఖాళీ యంత్రం మీద ఆ ఫైళ్లతో, బ్యాకప్‌తో రిజిస్ట్రీని మొదటి నుంచి నిర్మించి చూడండి. అది మీ చెయ్యి పడకుండా లేచి నిలబడితేనే మీ స్వయంచాలనం పూర్తయినట్టు.