గ్రామాల వారీ సర్వేలలో అనుపాతానికి విశ్వాస అంతరం: చిత్తూరు, తిరుపతి జిల్లాల వేరుశనగ సాగు సందర్భం

తిరుపతి ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానం రూపొందించిన ధరణి వేరుశనగ రకాన్ని ఎంత శాతం రైతులు సాగు చేస్తున్నారన్నది విస్తరణ సర్వేలలో తరచుగా ఎదురయ్యే ప్రశ్న. రెండు జిల్లాల రైతులందరి జాబితా నుంచి నేరుగా ఎంపిక చేయడం ఆచరణలో కష్టం. కనుక ముందు గ్రామాలను, ఆపై ఒక్కో గ్రామంలో కొందరు రైతులను యాదృచ్ఛికంగా ఎంచుకొంటారు. చిక్కు ఇక్కడే మొదలవుతుంది. ఒకే గ్రామ రైతులు ఒకే వానపై ఆధారపడతారు, ఒకే చోట విత్తనం కొంటారు, పొరుగు చేను చూసి రకం మారుస్తారు. తొమ్మిది మందిని అడిగాక పదవ రైతు ఇచ్చే సమాచారంలో కొత్తదనం తక్కువ.

ఉదాహరణకు 30 గ్రామాలలో పదేసి మంది చొప్పున 300 మందిని అడగగా 40 శాతం మంది ధరణి వేసినట్లు తేలిందనుకొందాం. సరళ యాదృచ్ఛిక ప్రతిచయన సూత్రం ప్రకారం 95 శాతం విశ్వాస అంతరం 34.5 నుంచి 45.5 శాతం. గ్రామాంతర్గత సహసంబంధం 0.2 అయితే, లెస్లీ కిష్ ప్రతిపాదించిన డిజైన్ ఎఫెక్ట్ 1 + (10 − 1) × 0.2 = 2.8. అంటే 300 మంది నమూనా సుమారు 107 మందికే సమానం. స్వాతంత్ర్య పరిమాణం గ్రామాల సంఖ్యను బట్టి 29; అందుచేత 1.96కు బదులు 2.045 వాడాలి. అప్పుడు అంతరం 30.3 నుంచి 49.7 శాతం.

ఈ తేడా కేవలం గణితానిది కాదు. అంతకుముందు ఏడాది, వేరే గ్రామాలలో ఇదే పద్ధతిలో జరిపిన సర్వేలో 32 శాతం వచ్చి ఉంటే, మొదటి సూత్రం ఎనిమిది శాతం పెరుగుదలను సార్థకమని చెబుతుంది. రెండవ గణన ఆ మాట చెప్పనివ్వదు. విత్తన పంపిణీ పథకం ఫలించిందన్న నివేదిక ఏ సూత్రంపై నిలిచిందో చూడకుండా నమ్మరాదు. అదే 300 మందిని 60 గ్రామాలలో ఐదుగురి చొప్పున తీసుకొంటే అంతరం 32.4 నుంచి 47.6కు తగ్గుతుంది. ప్రయాణ ఖర్చు పెరుగుతుంది, నిజమే.

కుప్పం, పలమనేరు మెట్ట ప్రాంతాన్ని, శ్రీకాళహస్తి, సత్యవేడు వైపు చెరువుల కింది ప్రాంతాన్ని వేర్వేరు స్తరాలుగా విభజిస్తే కొంత మేలు. గ్రామాలను రైతుల సంఖ్యకు అనులోమంగా ఎంచకుండా అన్నిటి నుంచీ పదేసి మందినే తీసుకొంటే మాత్రం భారాలు తప్పనిసరి. లేకుంటే చిన్న ఊళ్ల మాటే జిల్లా మాటగా చెలామణి అవుతుంది.

అనుపాతం మరీ తక్కువైనప్పుడు మామూలు సూత్రం పనికిరాదు. 300 మందిలో ముగ్గురే కొత్త రకం వేస్తే అంతరపు దిగువ హద్దు రుణాత్మకమవుతుంది. ఇటువంటి సందర్భాలకు కోర్న్, గ్రౌబార్డ్ 1998లో సూచించిన మార్గం ఉంది: క్లోపర్–పియర్సన్ పద్ధతిలో అసలు నమూనా పరిమాణానికి బదులు స్వాతంత్ర్య పరిమాణానికి సరిచేసిన ప్రభావ పరిమాణాన్ని ఉంచడం.